ఒకే మూలప్రతి నుంచి పుస్తకం, ఫోన్ కార్డు, వెబ్‌పేజీ, ఆడియో: ఎలా చేయాలి?

పెరంబూరువాసి | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చెన్నైలో మేం ఆరుగురు ఆడవాళ్ళం కలిసి పసిపిల్లల తల్లుల కోసం ఒక చిన్న తెలుగు పుస్తకం తెస్తున్నాం. 48 పేజీలు. పాలివ్వడం, టీకాలు, జ్వరం, విరేచనాలు, పిల్లల బరువు, ఇలాంటివే. పెరంబూరు, వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట వైపు తెలుగు ఇళ్ళకు మేమే వెళ్ళి ఇస్తాం. పుస్తకం కాక వాట్సాప్‌లో పంపడానికి బొమ్మల కార్డులు, ఒక వెబ్‌సైటు కూడా ఉన్నాయి.

పోయిన నెల వ్యాసర్‌పాడి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. బిడ్డకు విరేచనాలు. ఒక చేతిలో మా పుస్తకం, ఇంకో చేతిలో మా కార్డున్న ఫోను పెట్టుకుని అడిగింది: "అక్కా, లీటరు నీళ్ళకు పుస్తకంలో అర చెంచా ఉప్పు అని ఉంది. ఫోన్లో చెంచా ఉప్పు అని ఉంది. ఏది కలపాలి?"

నాకు కాళ్ళు వణికాయి. సరైన కొలత పుస్తకంలో ఉన్నదే: లీటరు శుభ్రమైన నీళ్ళకు అంచుకు సమంగా ఉన్న ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు మేలు చేయాల్సిందే కీడు చేస్తుంది. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా కలిపేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. కార్డు పంపిన ప్రతి గ్రూపులోనూ దిద్దుబాటు పెట్టాం.

ఎక్కడ జరిగిందో వెతికాను. పాత ఫైలు అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఉండేది. అందులో ½ గుర్తు వేరే ఫాంటుది. ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్ తెలుగులోకి మార్చినప్పుడు అది మాయమై "చెంచా ఉప్పు" మిగిలింది. ప్రూఫు చూసినావిడ దాన్ని పట్టుకుని, పుస్తకం పేజీలో "అర చెంచా" అని రాసింది. కానీ కార్డులూ వెబ్‌సైటూ అంతకు ముందే ఒక వర్డ్ ఫైలు నుంచి తయారయ్యాయి. ఆ ఫైలును ఎవరూ ముట్టుకోలేదు.

అంటే ఒకే మాట నాలుగు చోట్ల నాలుగు ఫైళ్ళలో ఉంది. ఒక్కచోట దిద్దితే అన్నిటిలోనూ మారే దారి ఏదైనా ఉందా? మాలో ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు లేరు. రెండో ముద్రణ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.


మారతహళ్ళి_రాత | సోమవారం, రాత్రి 10:40

బెంగళూరులో పదకొండేళ్ళుగా యంత్రాల మాన్యువల్స్ రాస్తున్నాను. మీకు జరిగింది మా రంగంలో అందరికీ ఒకసారైనా జరుగుతుంది. దీని నుంచి బయటపడడానికే ఒకే మూలం నుంచి అన్ని రూపాలూ తీసే పద్ధతి పుట్టింది.

మీరు ముందుగా తేల్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి కాదండి. మీ నాలుగు ఫైళ్ళలో అసలుది ఏది? ప్రస్తుతం ఏదీ కాదు. పుస్తకం పేజీ ఫైలులో ఒక నిజం ఉంది, వర్డ్‌లో ఇంకో నిజం ఉంది. ఒకదాన్ని మూలప్రతి అని నిర్ణయించి, మిగతావన్నీ దాని నుంచే పుట్టాలి, పుట్టినవాటిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు అని ఆరుగురూ ఒప్పుకోవాలి. వెబ్‌సైటులో తప్పు కనిపించినా వెబ్‌సైటులో దిద్దరు. మూలంలో దిద్ది, వెబ్‌సైటును మళ్ళీ తయారు చేస్తారు. ఈ క్రమశిక్షణ లేకపోతే ఎంత ఖరీదైన సాధనం కొన్నా మళ్ళీ ఇక్కడికే వస్తారు.

మా ఆఫీసులో డిటా అనే పద్ధతి వాడతాం. ఐబీఎమ్‌లో పుట్టి, 2005లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా వచ్చింది. విషయాన్ని చిన్న చిన్న అంశాలుగా రాసి, ఏ మాన్యువల్‌లో ఏ అంశం ఏ వరసలో రావాలో ఒక మ్యాపులో చెబుతాం. కరెంటు షాక్ గురించిన హెచ్చరిక ఒక్క ఫైలులోనే ఉంటుంది. నలభై మాన్యువల్స్ దాన్ని అక్కడి నుంచే తెచ్చుకుంటాయి. ఆ హెచ్చరికలో ఒక్క మాట మారిస్తే నలభైలోనూ మారుతుంది.

కానీ 48 పేజీల పుస్తకానికి డిటా వద్దు. నేర్చుకోవడానికే మీకు ఆరు నెలలు పోతాయి. దాని ఆలోచన మాత్రం తీసుకోండి.


తిరువల్లిక్కేణి_డీటీపీ | మంగళవారం, ఉదయం 7:05

అమ్మా, నేను 1996 నుంచి తెలుగు డీటీపీ చేస్తున్నాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో మొదలుపెట్టాను. చెన్నైలో ఇప్పుడు తెలుగు కంపోజింగ్ చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకే నా మాట కూడా వినండి.

బటన్ నొక్కితే పుస్తకం వచ్చేస్తుందని చెప్పేవాళ్ళు అచ్చు పేజీని దగ్గరగా చూడలేదనిపిస్తుంది. శీర్షిక ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోతుంది, దాని కింద రావలసిన పాఠం పక్క పేజీలోకి పోతుంది. పట్టిక సగానికి విరుగుతుంది. తెలుగులో ఒక వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. క్ష్మి, ష్ట్ర లాంటివి వచ్చిన చోట చూడండి. 12 పాయింట్ల తెలుగు అక్షరాలకు నేను వరసల మధ్య 18 పాయింట్ల దూరం ఇస్తాను. ఇంగ్లీషుకు ఇచ్చినట్టు 14 ఇస్తే చదివేవాళ్ళ కళ్ళు నొప్పి పుడతాయి. ఇవన్నీ మనిషి కూర్చుని చూడాలి.

తప్పులు రాకూడదంటే ప్రూఫు బాగా చూడాలి. నాలుగు ఫైళ్ళుంటే నాలుగూ చూడాలి. మా కాలంలో అలాగే చేశాం.


పెరంబూరువాసి | మంగళవారం, ఉదయం 7:30

బాబాయ్ గారూ, నాలుగూ చూసే మనుషులు మా దగ్గర లేరు. అందుకే అడుగుతున్నాను.


సున్న_పొల్లు | మంగళవారం, మధ్యాహ్నం 1:18

మూలప్రతి ఏదైనా సరే, ముందు దాన్ని శుభ్రం చేసుకోండి. మురికి మూలం నుంచి నాలుగు రూపాలు తీస్తే ఒక్కో తప్పూ నాలుగు చోట్ల పుడుతుంది.

అను ఫాంట్ల కథ చాలామందికి తెలియదు. అందులో కంప్యూటరుకు తెలుగు అక్షరం అనేదే లేదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫాంటు ఉంటే తెలుగులా కనిపిస్తుంది, తీసేస్తే రోమన్ గజిబిజి. యూనికోడ్‌లో తెలుగుకు తన సొంత సంఖ్యలున్నాయి, కాబట్టి ఫోనైనా వెబ్బైనా అచ్చైనా ఒకే పాఠం పనిచేస్తుంది. మూలం యూనికోడ్‌లో లేకపోతే ఈ చర్చే అనవసరం.

మార్చాక మూడు చోట్ల చూడండి. మొదటిది మీకు తగిలిందే: భిన్నాలు, డిగ్రీ గుర్తు, రూపాయి గుర్తు లాంటివి వేరే ఫాంటులో ఉంటే పోతాయి. అంకెలు, కొలతలు ఉన్న ప్రతి వాక్యాన్నీ పాత అచ్చు ప్రతితో పక్కన పెట్టి చదవండి. నా సలహా, పుస్తకంలో ½ వాడకండి, "అర" అని అక్షరాల్లో రాయండి.

రెండోది సున్న. అందరూ, అ౦దరూ. ఈ రెండూ తెరమీద ఒకేలా ఉన్నాయి కదా. మొదటిదాంట్లో ఉన్నది నిండు సున్న, రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకె సున్న. టైపు చేసేవాళ్ళకు తేడా తెలియదు, అచ్చులోనూ తెలియదు. వెబ్‌సైటులో "పంచదార" అని వెతికితే మాత్రం అంకె సున్నతో రాసిన పేజీ దొరకదు.

మూడోది పొల్లు. "వాట్సాప్‌లో" అన్నప్పుడు ప్ తర్వాత కనిపించని ఒక అక్షరం ఉండాలి. అది లేకపోతే ల కాస్తా ప కింద వత్తై "వాట్సాప్లో" అవుతుంది. ఫాంట్లు మార్చే సాధనాలు దీన్ని తరచుగా మింగేస్తాయి.

ఇంకొక మాట. అచ్చు కోసం చేసిన పీడీఎఫ్‌ను మూలంగా పెట్టుకోకండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే సంయుక్తాక్షరాలు చాలాసార్లు చిందరవందరగా వస్తాయి.


పెరంబూరువాసి | మంగళవారం, రాత్రి 11:02

ఇప్పుడే వెతికాను. మా వర్డ్ ఫైలులో 37 చోట్ల అంకె సున్న ఉంది. 37! అందులో నాలుగు "పంచదార" అనే మాటలోనే. వెబ్‌సైటులో ఆ పేజీ వెతికితే ఎందుకు రావడం లేదా అని ఏడాదిగా అనుకుంటున్నాం. చాలా థాంక్స్ అండి.


తరమణి_ట్యాగు | బుధవారం, ఉదయం 10:25

నేను చెన్నైలోనే పనిచేస్తాను. విదేశీ సైన్సు పత్రికల వ్యాసాలను ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి, అంటే ప్రతి ముక్కకూ దాని పేరు తగిలించి ఉండే ఫైలులోకి, మార్చి పేజీలు కట్టే పని ఈ ఊళ్ళో పెద్ద పరిశ్రమ. పెరుంగుడి, తరమణి వైపు వేలమంది దీని మీదే బతుకుతున్నారు. మన తెలుగు పుస్తకాలకు మాత్రం ఆ పద్ధతి ఎవరూ వాడరు. నాకు రోజూ బాధగా ఉండే విషయమిది.

మా దగ్గరకు వ్యాసం వర్డ్‌లో వస్తుంది. మొదటి పని దానికి పేర్లు పెట్టడం. ఇది శీర్షిక, ఇది రచయిత పేరు, ఇది పట్టిక, ఇది ఉల్లేఖన. ఎక్కడా "ఇది బోల్డు, ఇది ఎరుపు, ఇది 14 పాయింట్లు" అని రాయం. జాట్స్ అనే ప్రమాణం ప్రకారం, అంటే 2012లో వచ్చిన పత్రికా వ్యాసాల ట్యాగుల పట్టిక ప్రకారం చేస్తాం. ఒకసారి పేర్లు పడ్డాక అదే ఫైలు అచ్చు పేజీ అవుతుంది, వెబ్‌పేజీ అవుతుంది, వైద్య వ్యాసమైతే అలాంటి వ్యాసాలు భద్రపరిచే భాండాగారంలోకి కూడా అదే వెళ్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1969లో ఐబీఎమ్‌లో ముగ్గురు కలిసి ఇలా పేర్లు పెట్టే జీఎమ్‌ఎల్ అనే పద్ధతి చేశారు. దాని నుంచి ఎస్‌జీఎమ్‌ఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాన్ని తేలిక చేసి 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ తెచ్చారు. యాభై ఏళ్ళ పైబడి చెబుతున్నది ఒకటే: ఈ ముక్క ఎలా కనిపించాలో రాయకు, ఈ ముక్క ఏమిటో రాయి.

మీ పుస్తకంలో ఇప్పుడు ఎర్ర డబ్బాలో పెద్ద అక్షరాలతో ప్రమాద సూచనలు ఉన్నాయనుకుందాం. "ఎరుపు" అని గుర్తు పెట్టుకుంటే నలుపు తెలుపు అచ్చులో ఆ సమాచారం పోతుంది. ఆడియోలో ఎరుపుకు అర్థమే లేదు. "హెచ్చరిక" అని పేరు పెట్టుకుంటే అచ్చులో డబ్బా, వెబ్‌లో రంగు, ఆడియోలో చదివేవాళ్ళు ఒక క్షణం ఆగి "జాగ్రత్త" అని చెప్పడం. మూడూ ఆ ఒక్క పేరు నుంచే వస్తాయి.

"కొలత" అనే పేరు కూడా పెట్టుకోండి. ముద్రణకు ముందు కొలత అని పేరున్నవన్నీ ఒక్క కాగితం మీదకు తీసి డాక్టరు గారికి చూపించవచ్చు. 48 పేజీలు చదవమంటే ఆయనకు తీరిక దొరకదు, ఒక్క కాగితమైతే అప్పటికప్పుడే చూసి ఇస్తారు.


వడపళని_పాఠకుడు | బుధవారం, మధ్యాహ్నం 3:50

తరమణి గారన్న "మన తెలుగు పుస్తకాలకు ఎవరూ వాడరు" అనే మాట దగ్గర ఆగిపోయాను. కంప్యూటర్లు రాకముందే ఈ ఊళ్ళో ఇది జరిగింది. నేనుండే వడపళనిలోనే.

చందమామ 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలైంది. తమిళంలో పేరు అంబులిమామా. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ, ఇలా పెరుగుతూ పన్నెండు భాషలకు చేరింది. బొమ్మలు అన్ని భాషలకూ అవే. తెలుగులో కొడవటిగంటి కుటుంబరావు గారి చేతి మీద తయారైన కథ మిగతా భాషల్లోకి వెళ్ళేది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నడిపిన ఆ ఏర్పాటులో మూలం ఒకటి, బొమ్మ ఒకటి, రూపాలు పన్నెండు.

నా చిన్నప్పుడు మా వీధిలో తమిళ పిల్లవాడి అంబులిమామా, నా చందమామ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళం. వాడికి తెలుగు చదవడం రాదు, నాకు అప్పటికి తమిళం రాదు. బొమ్మ అదే కాబట్టి కథలో ఎక్కడున్నామో ఇద్దరికీ తెలిసేది. నేను తమిళం చదవడం నేర్చుకున్నది అలాగే.

అక్కడ గమనించాల్సింది, వాళ్ళు వాక్యాన్ని వాక్యంగా దించలేదు. ప్రతి భాషలోనూ ఆ భాష కథలాగే చదివేవాళ్ళం. మూలం ఒకటి అన్నంత మాత్రాన మాట ఒకటి కానక్కర్లేదు.


కొత్తగా_చేరాను | బుధవారం, సాయంత్రం 6:15

నేను బెంగళూరులో మా అపార్టుమెంటు తెలుగు సంఘం పత్రిక చూస్తాను. మూడు నెలలకోసారి 24 పేజీలు. ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే భయం. వర్డ్ తప్ప ఏదీ రాదు. నాలాంటివాళ్ళకు దారి ఉందా?


మారతహళ్ళి_రాత | బుధవారం, రాత్రి 9:33

ఉందండి, వర్డ్‌లోనే ఉంది. శీర్షికను ఎంచుకుని సైజు పెంచి బోల్డు చేసే అలవాటు మానేసి, "హెడింగ్ 1", "హెడింగ్ 2" అనే స్టైల్స్ వాడండి. పద్యానికి ఒక స్టైలు, బొమ్మ కింద వాక్యానికి ఒక స్టైలు మీరే చేసుకోండి. తరమణి గారు చెప్పిన పేర్లు పెట్టడం అంటే ఇదే. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే లిబ్రెఆఫీస్ ఉంది. 2018లో వచ్చిన 6.0 నుంచి అది నేరుగా ఈపబ్, అంటే ఫోన్లో చదువుకునే ఈ-పుస్తకం కూడా ఇస్తుంది. మీ పత్రికకు ఇంతకు మించి అక్కర్లేదు.

పెరంబూరువాసి గారికి ఇంకో మెట్టు ఎక్కమంటాను. మార్క్‌డౌన్‌లో రాయండి. మామూలు అక్షరాల ఫైలు. శీర్షిక ముందు ఒక చిన్న గుర్తు పెడితే శీర్షిక, ఖాళీ వరస వదిలితే కొత్త పేరా. గంటలో వచ్చేస్తుంది. దాన్ని పాండాక్ అనే ఉచిత సాధనానికి ఇస్తే వెబ్‌పేజీ, ఈపబ్, వర్డ్ ఫైలు, పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి పోసుకునే ఫైలు అన్నీ ఇస్తుంది. దాన్ని 2006లో మొదలుపెట్టినాయన ఒక తత్వశాస్త్ర ఆచార్యుడు, ప్రోగ్రామింగ్ ఆయన వృత్తి కాదు. ఆదేశాలు నేను రాసిస్తాను, మీరు నడిపితే చాలు.

ఒక పొరపాటు మాత్రం ముందే చెప్పాలి, నేను స్వయంగా చేసింది. మా మాన్యువల్‌ను తెలుగు, కన్నడాల్లో తెచ్చినప్పుడు వస్తువు పేరును ఒక్కచోట పెట్టి, వాక్యాల్లో ఖాళీ వదిలి, అక్కడ పేరు దానంతటదే పడేలా చేశాం. ఇంగ్లీషులో బ్రహ్మాండంగా పనిచేసింది. తెలుగులో విభక్తి అతుక్కుంటుంది కదా. "డబ్బాను తెరవండి" అని రాసిన వాక్యంలో డబ్బా బదులు పొడి వస్తే "పొడిను తెరవండి" అయింది. ఇకారం మీద ముగిస్తే ని, కి. మిగతావాటికి ను, కు. ఇల్లు అని పెడితే "ఇంట్లో" అని యంత్రానికెలా తెలుస్తుంది? మూడు వారాలు కూర్చుని ఒక్కో వాక్యం దిద్దుకున్నాం.

కాబట్టి తెలుగులో పునర్వినియోగానికి పదాన్ని ముక్కగా తీసుకోకండి. కనీసం పూర్తి వాక్యం, వీలైతే పేరా. మీ ఉప్పు-పంచదార కొలత రెండు వాక్యాలు. అవి రెండూ కలిసి ఒక చిన్న ఫైలు. పుస్తకం, వెబ్, కార్డు మూడూ ఆ ఫైలునే పిలవాలి.


చెవితో_చదువుతాను | గురువారం, ఉదయం 8:44

నాకు చూపు లేదు. ఫోన్లో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఈ చర్చ మొత్తం విన్నాను. ఇక్కడ కార్డుల గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

వాట్సాప్‌లో వచ్చే బొమ్మ కార్డు నాకు ఖాళీ. "ఫోటో" అని మాత్రం వినిపిస్తుంది. అందులో ఉప్పు అర చెంచానా, చెంచానా అనేది నాకు చేరదు. మూలంలో ఆ రెండు వాక్యాలు ఉన్నాయి కదా. కార్డు పంపేటప్పుడు అవే వాక్యాలను బొమ్మ కింద అక్షరాలుగా అతికించండి. అదనంగా రాయాల్సిన పని లేదు, అక్కడ ఉన్నదే.

వెబ్‌సైటులో బొమ్మలకు వివరణ రాసే చోటు ఉంటుంది. చాలామంది అక్కడ "బొమ్మ1" అని వదిలేస్తారు. తల్లి బిడ్డను ఎలా పట్టుకోవాలో చూపే బొమ్మ అయితే, "బిడ్డ తల, వీపు ఒకే వరసలో, పొట్ట తల్లి పొట్టకు ఆనుకుని" అని రాయండి. ఆ వివరణ కూడా మూలంలోనే ఉంచండి.

సున్న_పొల్లు గారు చెప్పిన అంకె సున్న మాకు ఇంకా బాధ. యంత్రం ఆ మాటను సరిగ్గా పలకదు, రెండు ముక్కలు చేస్తుంది. అచ్చులో కళ్ళకు కనిపించని తప్పు నా చెవికి వెంటనే తెలుస్తుంది. మీరు ఒప్పుకుంటే మీ వెబ్‌పేజీలు ముద్రణకు ముందు నేను విని చెబుతాను. నాలుగు పేజీలకు పది నిమిషాలు పడుతుంది.

ఇంకొకటి. "పక్క పేజీలో బొమ్మ చూడండి", "పైన ఎర్రగా ఉన్నది" లాంటి మాటలు మూలంలో రాయకండి. ఫోన్లో పక్క పేజీ ఉండదు. "బిడ్డను పట్టుకునే తీరు అనే బొమ్మ" అని పేరుతో చెబితే అచ్చులోనూ దొరుకుతుంది, నాకూ దొరుకుతుంది.


పెరంబూరువాసి | గురువారం, ఉదయం 9:10

ఒప్పుకోవడమేమిటండీ, మీరు వినిపెడతానంటే అంతకంటే ఏం కావాలి. ఈ రాత్రే లింకు పంపుతాను.


తిరువల్లిక్కేణి_డీటీపీ | శనివారం, మధ్యాహ్నం 2:20

మారతహళ్ళి గారు ఇచ్చిన ఆదేశంతో పెరంబూరు అమ్మాయి ఒక అధ్యాయాన్ని ఇన్‌డిజైన్ ఫైలుగా పంపింది. నిన్నా ఇవాళా దాని మీదే కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను.

పాఠం మూలంతో లింకుగా వస్తుంది. మొదట పోయగానే వత్తులన్నీ విడిపోయాయి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నాక సరిగ్గా కూర్చున్నాయి. శీర్షిక, మామూలు పేరా, హెచ్చరిక, కొలత అని స్టైళ్ళ పేర్లు వాటంతటవే వచ్చాయి. ఒక్కోదానికి ఫాంటు, సైజు, వరసల దూరం ఒకసారి ఇచ్చాను, అధ్యాయం మొత్తం కుదిరింది. పాఠానికి మండలి ఫాంటు, శీర్షికలకు రామభద్ర పెట్టాను. రెండూ ఉచితం, యూనికోడ్‌వి.

తర్వాత పరీక్షగా ఆ అమ్మాయిని మూలంలో ఒక మాట మార్చమన్నాను. లింకు పక్కన పసుపు గుర్తు వచ్చింది. అప్‌డేట్ నొక్కాను. 14వ పేజీలో ఆ మాట మారింది, నా పేజీ అమరిక ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క చోట శీర్షిక పేజీ అడుగుకు జారింది, అది చేత్తో సర్దాను.

ఇరవై ఏళ్ళకు పైగా ఒకే దిద్దుబాటును మూడు ఫైళ్ళలో వేసినవాణ్ణి. పేజీ కట్టడం నా చేతి పని, దాన్ని ఎవరూ తీసుకోలేదు. అక్షరం దిద్దే పని మాత్రం ఇక నాది కాదు. నా ఫైలులో తప్పు కనిపిస్తే ఆ అమ్మాయికి ఫోన్ చేస్తాను, నేను ముట్టుకోను. మొన్న ప్రూఫు నాలుగుసార్లు చూడాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.


పెరంబూరువాసి | శనివారం, రాత్రి 8:47

బాబాయ్ గారు పంపిన పేజీలు చూసి మా వాళ్ళందరూ సంతోషించారు.

ఇంకో కష్టం ఉంది. మేం వెళ్ళే ఇళ్ళలో ఇరవై, ఇరవై రెండేళ్ళ తల్లులు చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరై, ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015–16కు పదో తరగతి దాకా వచ్చింది. ఆ వరసలో చదివిన పిల్లలే ఇప్పుడు తల్లులు. వాళ్ళ అత్తలు తెలుగు చదువుతారు, వీళ్ళు తమిళం చదువుతారు. ఇంట్లో మాట మాత్రం తెలుగే. తెలుగు మాటనే తమిళ లిపిలో ఇస్తే ఎలా ఉంటుంది?


సున్న_పొల్లు | శనివారం, రాత్రి 9:30

అక్షరముఖ లాంటి లిపి మార్చే సాధనాలతో మూలం నుంచి నేరుగా తీయవచ్చు, నిమిషం పని. కానీ తమిళ లిపిలో క, గ రెండిటికీ ఒకే అక్షరం. ప, బ కూ అంతే. ట, డ కూ అంతే. "గంజి" కాస్తా "కంజి"లా కనిపిస్తుంది. ఇల్లాలికి సందర్భాన్ని బట్టి తెలిసిపోవచ్చు, కానీ మందు పేర్ల దగ్గర, కొలతల దగ్గర ఊహ మీద వదలడం నాకు ఇష్టం లేదు. లిపి మార్పు కంటే ఆడియో మేలు.


తరమణి_ట్యాగు | ఆదివారం, ఉదయం 11:15

ఆడియోకే నా ఓటు. కాకపోతే పుస్తకం మొత్తాన్ని ఒకే గంట రికార్డింగుగా చదవకండి. మూలంలో ఎన్ని అంశాలున్నాయో అన్ని ఫైళ్ళు. "విరేచనాలు: ఇంట్లో కలిపే నీళ్ళు" ఒకటి, రెండు నిమిషాలు. అది మారితే అదొక్కటే మళ్ళీ చదివితే చాలు. పుస్తకంలో ఆ అంశం పక్కన క్యూఆర్ కోడ్ పెడితే, చదవలేనివాళ్ళు ఫోను చూపి వింటారు.

ఎవరి కోసం అనే పేరు కూడా మూలంలో పెట్టుకోండి. విరేచనాలప్పుడు జింకు మాత్ర పద్నాలుగు రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకు 10. ఇది మీతో తిరిగే ఆరోగ్య కార్యకర్తల ప్రతిలో ఉండాలి. తల్లుల ప్రతిలో "జింకు మాత్ర గురించి నర్సును అడగండి, పద్నాలుగు రోజులూ ఆపకుండా ఇవ్వండి" అంటే చాలు. రెండూ ఒకే ఫైలులో పక్కపక్కన ఉంటాయి, ఒకదానికి "కార్యకర్త", ఇంకోదానికి "తల్లి" అని గుర్తు. ప్రతి తీసేటప్పుడు ఏది కావాలో చెబుతారు. రెండు వేరు వేరు ఫైళ్ళుగా పెడితే మళ్ళీ మొదటి కథే.


వడపళని_పాఠకుడు | ఆదివారం, సాయంత్రం 5:05

ఒక్క మనవి. కార్డును మూలం నుంచి కత్తిరించి తీయకండి. పుస్తకంలో వాక్యం పుస్తకం కోసం రాసింది. ఫోన్లో తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకుని, ఒంటి చేత్తో చూస్తుంది. కార్డులో మాట ఆవిడ కోసం కొత్తగా రాయాలి. అంతా యంత్రానికి వదిలితే ప్రతి రూపమూ పుస్తకం ముక్కలా చదువుకుంటుంది, ఎవరికీ ఆనదు.


మారతహళ్ళి_రాత | ఆదివారం, రాత్రి 7:40

పెద్దాయన మాటతో నేను ఏకీభవిస్తాను, ఒక్క షరతుతో. కార్డులో పలకరింపు, ధైర్యం చెప్పే మాట, వరస, అన్నీ కొత్తగా రాయండి. కొలత వాక్యాన్ని మాత్రం మళ్ళీ టైపు చేయవద్దు. అది మూలం నుంచే రావాలి. ఎవరు ఎంత బాగా రాసేవాళ్ళైనా సరే.


పెరంబూరువాసి | తర్వాతి శుక్రవారం, రాత్రి 10:20

ఇవాళ కొత్త ప్రూఫు, కొత్త కార్డు తీసుకుని వ్యాసర్‌పాడి వెళ్ళాను, మొదట ఫోన్ చేసినావిడ దగ్గరికి. బిడ్డ బాగున్నాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఆవిడ ప్రూఫు కాగితాన్ని నేల మీద పరిచి, పక్కన ఫోను పెట్టి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి రెండూ పోల్చి చదివింది. "ఆరు... ఆరు. అర... అర. ఇప్పుడు రెండూ ఒకటే అక్కా" అంది.

ఆవిడ కోడలికి, అంటే బిడ్డ తల్లికి, తెలుగు చదవడం రాదు. క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపించి ఆడియో వినిపించాం. మొత్తం విని ఒక్క ప్రశ్న అడిగింది: "పంచదార అంటే ఏంది?" వాళ్ళింట్లో చక్కెర అంటారట. ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళను అడిగితే వాళ్ళదీ అదే మాట. మేం ఆరుగురిలో నలుగురం నెల్లూరు, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం, మాకు తోచనే లేదు.

ఇంటికి రాగానే మూలంలో ఆ ఒక్క వాక్యం మార్చాను. "చక్కెర, అంటే పంచదార" అని. వెబ్‌పేజీ, కార్డు, ఈపబ్ పదిహేను నిమిషాల్లో తయారయ్యాయి. బాబాయ్ గారు రాత్రి తొమ్మిదింటికి అప్‌డేట్ నొక్కి కొత్త పేజీ పంపారు. చెవితో_చదువుతాను గారు వెబ్‌పేజీ విని సరిగ్గా ఉందన్నారు.

ఆడియో ఒక్కటే మిగిలింది, అది మనిషే మళ్ళీ చదవాలి. రెండు నిమిషాల ముక్క. మాలో చదివిన అమ్మాయికి గొంతు పట్టేసింది. చెన్నైలో ఉన్నవాళ్ళెవరైనా ఆదివారం ఉదయం పెరంబూరు రాగలరా? చక్కెర అనడం అలవాటున్న గొంతైతే ఇంకా మంచిది.